అబద్ధం చెప్పే ఉష్ణమాపకం

పిల్లలూ! ముందుగా ఒక చిన్న ప్రయోగం చేయండి. మూడు గిన్నెలు తీసుకోండి. మొదటి గిన్నెలో చెయ్యి పట్టగలిగినంత వేడినీళ్ళు పోయండి. మూడో గిన్నెలో మంచుముక్కలు వేసిన చల్లని నీళ్ళు పోయండి. మధ్య గిన్నెలో బిందెలోని మామూలు నీళ్ళు పోయండి. ఎడమ చేతిని వేడినీళ్ళలో, కుడి చేతిని చల్లని నీళ్ళలో ఒక నిమిషం ఉంచండి. తర్వాత రెండు చేతులనూ ఒకేసారి మధ్య గిన్నెలో ముంచండి. ఎడమ చెయ్యి "చల్లగా ఉన్నాయి" అంటుంది. కుడి చెయ్యి "వెచ్చగా ఉన్నాయి" అంటుంది. నీళ్ళేమో ఒక్కటే!

మన చర్మం ఉష్ణోగ్రతను కొలిచే పరికరం కాదు. అంతకుముందున్న స్థితితో పోల్చి, వేడి లోపలికి వస్తోందా, బయటికి పోతోందా అని మాత్రమే చెబుతుంది. అందుకే మనిషికి ఉష్ణమాపకం, అంటే థర్మామీటరు, కావలసి వచ్చింది.

మరి ఉష్ణమాపకమే తప్పు చెబితే? దాన్ని ఎలా పట్టుకోవాలి? ఇళ్ళల్లో వాడే ఏ.సి. యంత్రాన్ని ఉదాహరణగా తీసుకుని ఈ సంగతి తెలుసుకుందాం.

యంత్రానికి గది వేడి ఎలా తెలుస్తుంది?

మే నెలలో మంగళగిరి కొండ ఎండకు కాలి, సాయంత్రం దాకా సెగలు చిమ్ముతూనే ఉంటుంది. ఆ రోజుల్లో మీ ఇంట్లోనో, చుట్టాల ఇంట్లోనో ఏ.సి. పనిచేయడం మీరు చూసే ఉంటారు. రిమోట్‌తో 26 డిగ్రీలు అని పెడతాం. గది 26 డిగ్రీలకు చల్లబడగానే బయట ఉన్న అవుట్‌డోర్ యూనిట్‌లోని కంప్రెసర్ ఆగిపోతుంది. గది మళ్ళీ వేడెక్కితే తిరగడం మొదలు పెడుతుంది. ఇన్వర్టర్ రకం ఏ.సి.లలో అయితే పూర్తిగా ఆగకుండా వేగం తగ్గించుకుంటుంది.

26 డిగ్రీలు వచ్చాయని దానికి చెప్పేదెవరు? లోపలి యూనిట్ ముందు పలకను ఎత్తితే వడపోత జాలీ కనిపిస్తుంది. గదిలోని గాలి లోపలికి వెళ్ళే ఆ దారిలో, ప్లాస్టిక్ పట్టులో ఇరికించిన ఒక చిన్న పూస ఉంటుంది. దాని నుంచి రెండు సన్నని తీగలు సర్క్యూట్ బోర్డుకు వెళతాయి. అదే గది ఉష్ణోగ్రతను కనిపెట్టే సెన్సర్. ఇలాంటిదే మరొకటి లోపలి రాగి గొట్టానికి ఆనుకుని ఉంటుంది. అది చల్లని గొట్టపు ఉష్ణోగ్రతను చెబుతుంది. ఈ పూసలనే థర్మిస్టర్లు అంటారు.

పూసలోని రహస్యం

రాగి, ఇనుము వంటి లోహాలను వేడిచేస్తే వాటి విద్యుత్ నిరోధం పెరుగుతుంది. లోహంలో స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు ముందే కావలసినన్ని ఉంటాయి. వేడి చేసినప్పుడు అణువులు ఎక్కువగా కంపించి ఆ ఎలక్ట్రాన్లకు అడ్డుపడతాయి. తిరునాళ్ళలో జనం అటూ ఇటూ కదులుతూ ఉంటే మధ్యలోంచి నడవడం కష్టమవుతుంది కదా, అలాగన్నమాట.

అయితే 1833లో ఇంగ్లండు శాస్త్రవేత్త మైఖేల్ ఫారడే ఒక వింత గమనించాడు. సిల్వర్ సల్ఫైడు అనే పదార్థాన్ని వేడిచేస్తే దాని నిరోధం పెరగలేదు సరికదా, తగ్గింది! ఇటువంటి పదార్థాలను ఇప్పుడు మనం అర్ధవాహకాలు అంటున్నాం. వీటిలో చాలా ఎలక్ట్రాన్లు బంధించబడి ఉంటాయి. వేడి తగిలితే కొన్ని విడుదలై విద్యుత్తును మోసుకుపోతాయి. వేడి పెరిగిన కొద్దీ మోసేవి పెరుగుతాయి, నిరోధం తగ్గుతుంది. దాదాపు వందేళ్ళ తర్వాత, 1930లో, అమెరికాకు చెందిన శామ్యూల్ రూబెన్ ఈ గుణాన్ని వాడుకుని థర్మిస్టర్‌ను ఉపయోగపడే వస్తువుగా తయారు చేశాడు.

మన ఏ.సి.లోని పూసను మాంగనీసు, నికెల్, కోబాల్టు వంటి లోహాల ఆక్సైడులను కలిపి, కాల్చి చేస్తారు. మాంగనీసు మనకు కొత్త కాదు. విజయనగరం జిల్లాలోని చీపురుపల్లి, గరివిడి ప్రాంతాల్లో దాని గనులున్నాయి.

ఏ.సి.లలో తరచుగా కనిపించే ఒక రకం థర్మిస్టర్‌కు 25 డిగ్రీల సెల్సియస్ వద్ద 10 కిలో ఓమ్‌ల నిరోధం ఉంటుంది. తక్కిన ఉష్ణోగ్రతల వద్ద దాని నిరోధం సుమారుగా ఇలా ఉంటుంది:

0 డిగ్రీలు: 33 కిలో ఓమ్‌లు
10 డిగ్రీలు: 20 కిలో ఓమ్‌లు
20 డిగ్రీలు: 12.5 కిలో ఓమ్‌లు
25 డిగ్రీలు: 10 కిలో ఓమ్‌లు
30 డిగ్రీలు: 8 కిలో ఓమ్‌లు
40 డిగ్రీలు: 5.3 కిలో ఓమ్‌లు
50 డిగ్రీలు: 3.6 కిలో ఓమ్‌లు

ఈ పట్టికను జాగ్రత్తగా చూడండి. 0 నుంచి 10 డిగ్రీలకు వెళితే నిరోధం 13 కిలో ఓమ్‌లు తగ్గింది. 40 నుంచి 50కి వెళితే 1.7 కిలో ఓమ్‌లే తగ్గింది. చల్లగా ఉన్నప్పుడు మెట్లు పెద్దవి, వేడిగా ఉన్నప్పుడు మెట్లు చిన్నవి. ఈ సంగతి గుర్తుంచుకోండి. దీనితో మనకు పని ఉంది.

నిరోధం అంకెగా మారే తీరు

సర్క్యూట్ బోర్డు నిరోధాన్ని నేరుగా చూడలేదు. వోల్టేజిని మాత్రం చూడగలదు. అందుకని థర్మిస్టర్‌తో శ్రేణిలో మారని నిరోధం ఒకటి కలుపుతారు. అది కూడా 10 కిలో ఓమ్‌లే అనుకుందాం. రెండింటికీ కలిపి 5 వోల్టులు ఇస్తారు. మారని నిరోధం మీద ఎంత వోల్టేజి పడుతుందో బోర్డు చూస్తుంది.

శ్రేణి సంధానంలో వోల్టేజి నిరోధాల నిష్పత్తిలో పంచుకోబడుతుందని మీరు పదో తరగతిలో చదువుకుంటారు. 25 డిగ్రీల వద్ద రెండూ సమానం కాబట్టి చెరి సగం, అంటే 2.5 వోల్టులు. 40 డిగ్రీల వద్ద థర్మిస్టర్ 5.3 కిలో ఓమ్‌లకు తగ్గుతుంది. అప్పుడు 5 × 10 ÷ 15.3, అంటే సుమారు 3.27 వోల్టులు. 10 డిగ్రీల వద్ద 5 × 10 ÷ 30, అంటే సుమారు 1.67 వోల్టులు. బోర్డులోని చిప్ తన దగ్గరున్న పట్టిక చూసుకుని, ఫలానా వోల్టేజి అంటే ఫలానా డిగ్రీలు అని తేల్చుకుంటుంది.

సెన్సర్‌కు వచ్చే మూడు జబ్బులు

మొదటిది, తీగ తెగిపోవడం. ఎలుక కొరికిందనుకోండి. ప్రవాహమే లేదు కాబట్టి మారని నిరోధం మీద 0 వోల్టులు. రెండోది, రెండు తీగలూ ఒకదానికొకటి అంటుకోవడం. అప్పుడు మొత్తం 5 వోల్టులూ దాని మీదే. గది ఎంత చల్లగా ఉన్నా, ఎంత వేడిగా ఉన్నా ఈ రెండు అంకెలూ రావు. అందుకని చిప్ వెంటనే "ఇది అసంభవం" అని గ్రహిస్తుంది. యంత్రాన్ని ఆపి, తెర మీద ఒక తప్పు సంకేతం చూపుతుంది, లేదా చిన్న దీపాన్ని మిణుకుమిణుకుమనిపిస్తుంది. ఈ సంకేతాలు ఒక్కో తయారీకి ఒక్కో విధంగా ఉంటాయి. వాటి అర్థం ఏ.సి.తోపాటు ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకాన్ని పారేయకండి.

మూడో జబ్బు చాలా గడుసుది. తీగ తెగదు, అంటుకోదు. నిరోధం మాత్రం కొంచెం మారుతుంది. తేమకు ప్లగ్గులోని లోహపు ముక్క చిలుము పట్టిందనుకోండి. పూస నిరోధానికి చిలుము నిరోధం శ్రేణిలో తోడవుతుంది. బోర్డుకు అందే అంకె నమ్మదగినట్లే ఉంటుంది, కాని తప్పు. బోర్డు నమ్మేస్తుంది. సంకేతమేదీ రాదు. మొదటి రెండూ మాట పడిపోయిన సాక్షులైతే, ఇది అబద్ధం చెప్పే సాక్షి.

మంగళగిరిలో ఒక గది

మంగళగిరిలో ఒక ఇంట్లో ఇలా జరిగిందనుకుందాం. రిమోట్‌లో 26 పెట్టారు. ఏ.సి. కాసేపు నడిచి చల్లగాలి ఆగిపోతోంది. గదిలో పడుకున్న అమ్మమ్మకు చెమటలు తగ్గడం లేదు. వయసు మళ్ళినవాళ్ళకు ఎండదెబ్బ ప్రాణం మీదికి తెస్తుంది కనుక ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. మెకానిక్ వచ్చి తాకి చూసి, "గ్యాస్ అయిపోయిందమ్మా, నింపాలి" అన్నాడు. నింపాలంటే వేల రూపాయలు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఏ.సి.లోని గ్యాస్ వంటగ్యాస్ లాగా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో అదే అదే తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. కారే చోటు మూయకుండా నింపితే మళ్ళీ పోతుంది. పైగా ఇప్పటి ఏ.సి.లలో ఎక్కువగా వాడే ఆర్-32 అనే గ్యాస్, బరువుకు బరువు చూస్తే, వందేళ్ళ కాలంలో బొగ్గుపులుసు వాయువుకంటే సుమారు 675 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. కనుక గ్యాస్ సంగతి తేల్చకుండా గొట్టం విప్పకూడదు.

ఆ ఇంట్లో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఉంది. ఆమె గోడకు తగిలించే థర్మామీటరు తెచ్చి, ఏ.సి.లోకి గాలి వెళ్ళే చోటికి దగ్గరగా తగిలించింది. అయిదు నిమిషాలకోసారి నోటుబుక్కులో ఇలా రాసుకుంది:

2-00 గంటలు: 33 డిగ్రీలు, అవుట్‌డోర్ తిరుగుతోంది
2-05 గంటలు: 32 డిగ్రీలు, తిరుగుతోంది
2-10 గంటలు: 31 డిగ్రీలు, ఆగింది
2-15 గంటలు: 32 డిగ్రీలు, ఆగే ఉంది
2-20 గంటలు: 33 డిగ్రీలు, మళ్ళీ తిరిగింది

ఈ అయిదు వరుసలూ ఏం చెబుతున్నాయి? అవుట్‌డోర్ తిరిగినంతసేపూ గది చల్లబడింది. అంటే చల్లబరిచే పని బాగానే ఉంది. గ్యాస్ తగ్గితే సాధారణంగా కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, గది మాత్రం చల్లబడదు. ఇక్కడ అందుకు విరుద్ధంగా ఉంది. 31 వచ్చేసరికి యంత్రం తన పని అయిపోయిందని అనుకుంటోంది.

ఇంతమాత్రాన సెన్సర్‌దే తప్పు అని తీర్పు చెప్పవచ్చా? చెప్పకూడదు. వోల్టేజి పడిపోయినా, అవుట్‌డోర్ యూనిట్ మరీ వేడెక్కినా కంప్రెసర్ ఆగవచ్చు. అందుకని ఆమె ఇంకో పని చేసింది. కంప్రెసర్ ఆగి ఉన్నప్పుడు రిమోట్‌ను 26 నుంచి 20కి తగ్గించింది. ఒకసారి ఆగిన కంప్రెసర్ మళ్ళీ మొదలవడానికి సుమారు మూడు నిమిషాలు ఆగేలా యంత్రంలోనే ఏర్పాటు ఉంటుంది కాబట్టి ఓపిక పట్టింది. అది మళ్ళీ తిరిగింది! అంటే కంప్రెసర్‌కు ఓపిక లేక ఆగలేదు, ఆగమని ఆజ్ఞ వచ్చి ఆగింది. ఆ ఆజ్ఞకు ఆధారం సెన్సర్ చెప్పిన మాటే.

ఇప్పుడు లెక్క చూద్దాం. 31 డిగ్రీల వద్ద పూస నిరోధం సుమారు 7.7 కిలో ఓమ్‌లు. చిలుము 2 కిలో ఓమ్‌లు తోడైతే 9.7. పట్టిక ప్రకారం 10 కిలో ఓమ్‌లంటే 25 డిగ్రీలు కదా. 9.7 అంటే 25.7 డిగ్రీలు. 26 దాటి చల్లబడిందని యంత్రం ఆగిపోయింది. యంత్రం తప్పు చేయలేదు. తప్పుడు సమాచారం మీద సరైన నిర్ణయం తీసుకుంది!

ముందు చూడవలసిన తేలిక కారణాలు

సెన్సర్‌ను అనుమానించే ముందు కొన్ని చిన్న సంగతులు చూడాలి.

వడపోత జాలీ: మగ్గాలున్న ఇళ్ళల్లో నూలు నూగు, పత్తి మిల్లుల దగ్గర దూది, మిరప కళ్ళాల దగ్గర దుమ్ము ఈ జాలీని త్వరగా మూసేస్తాయి. గాలి ఆడకపోతే లోపలి గొట్టాల మీద మంచు కడుతుంది. చూసేవారికి ఇది సెన్సర్ జబ్బులాగే కనిపిస్తుంది. జాలీని నీళ్ళతో కడిగి నీడలో ఆరబెట్టి పెడితే సరిపోతుంది.

రిమోట్: కొన్ని ఏ.సి.లలో రిమోట్‌లోనే సెన్సర్ ఉంటుంది. ఆ పద్ధతి పెట్టి రిమోట్‌ను చల్లగాలి నేరుగా తగిలే బల్ల మీద ఉంచితే, గది చల్లబడిందనుకుని యంత్రం ఆగిపోతుంది.

పూస ఉన్న చోటు: పట్టు ఊడి గది పూస చల్లని గొట్టానికి తగిలితే, అది గదిని కాక గొట్టాన్ని కొలుస్తుంది. పూస మంచిదే, చోటు చెడ్డది.

మంచి సాక్షితో పోల్చడం

ఇక సెన్సర్ పరీక్ష. ఒక మాట గట్టిగా చెబుతున్నాను. ఏ.సి. మూత విప్పడం పిల్లల పని కాదు. మెయిన్ స్విచ్చి ఆపినా లోపలి కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. రేకులు కత్తిలాగా కోస్తాయి. ఆ పని మెకానిక్ చేయాలి, మీరు పక్కన నిలబడి చూడాలి.

మెకానిక్ ప్లగ్గును బోర్డు నుంచి ఊడదీసి, మల్టీమీటర్‌తో నిరోధం కొలుస్తాడు. ఆ అంకెను పట్టికతో పోలుస్తాడు. గదిలో పెట్టిన థర్మామీటరు 31 చూపితే 7.7 రావాలి. 9.7 వచ్చిందంటే తేడా ఉందన్నమాట. మరింత గట్టి పరీక్ష కావాలంటే పూసను తడవకుండా పాలిథీన్ కవరులో పెట్టి, దంచిన మంచు, నీళ్ళు కలిపిన గ్లాసులో ముంచాలి. కరుగుతున్న మంచు ఎక్కడైనా 0 డిగ్రీలే ఉంటుంది. ఏ దుకాణంలోనూ కొననక్కరలేని నమ్మకమైన ప్రమాణం అది.

కాని ఇక్కడొక చిక్కుంది. మంచులో మంచి పూస 33 చూపితే, చిలుము పట్టినది 35 చూపుతుంది. అంత పెద్ద అంకె పక్కన 2 ఏపాటిది? ఉష్ణోగ్రతలో చెప్పాలంటే తప్పు ఒక డిగ్రీ మాత్రమే. "సెన్సర్ బాగానే ఉంది" అని వదిలేస్తాం. అదే 50 డిగ్రీల వేడినీళ్ళలో ముంచితే 3.6కు బదులు 5.6 వస్తుంది. పట్టికలో అది 39 డిగ్రీల లోపు! తప్పు 11 డిగ్రీలు దాటింది. చల్లగా ఉన్నప్పుడు మెట్లు పెద్దవి, వేడిగా ఉన్నప్పుడు చిన్నవి అని గుర్తుంచుకోమన్నది ఇందుకే. శ్రేణిలో చేరిన దొంగ నిరోధం చలిలో దాక్కుని వేడిలో బయటపడుతుంది. కాబట్టి ఒక్క చోట పరీక్షించి ఊరుకోకూడదు. చల్లని చోటా, వేడి చోటా రెండింటా పరీక్షించాలి.

తర్వాత తీగలను మెల్లగా కదిలిస్తూ మీటరు చూడాలి. అంకె గంతులు వేస్తే అతుకులో లోపం. ప్లగ్గు చివర కాక పూస దగ్గరి తీగల మీదే కొలిచినప్పుడు సరైన అంకె వస్తే పూస నిర్దోషి, ప్లగ్గు దోషి. అతుకు శుభ్రం చేసినా, ప్లగ్గు మార్చినా చాలు.

పూసనే మార్చవలసి వస్తే అదే విలువ గలది వేయాలి. 10 కిలో ఓమ్‌ల పూస బదులు 5 కిలో ఓమ్‌లది వేశారనుకోండి. గది నిజంగా 20 డిగ్రీలకు వచ్చినా దాని నిరోధం 6.3 దగ్గరే ఉంటుంది. యంత్రం దాన్ని 36 డిగ్రీలని చదువుకుంటుంది. ఇక కంప్రెసర్ ఆగదు. కరెంటు మీటరూ ఆగదు. ఒక్క డిగ్రీ ఎక్కువగా పెట్టుకుంటే సుమారు 6 శాతం విద్యుత్తు ఆదా అవుతుందని కేంద్ర ప్రభుత్వపు ఇంధన సామర్థ్య సంస్థ చెబుతోంది. ఆపకుండా నడిస్తే ఎంత నష్టమో మీరే ఊహించండి.

గది దాటి చూస్తే

ఏ.సి. చెడిపోతే ఒక గదికే కష్టం. కాని గుంటూరు చుట్టుపక్కల శీతల గిడ్డంగుల్లో వేల బస్తాల మిరపకాయలు ధర కోసం ఎదురు చూస్తూ ఉంటాయి. రంగు చెడకుండా, పురుగు పట్టకుండా వాటిని కాపాడేది చల్లదనం. అక్కడి సెన్సర్ అబద్ధం చెబితే రైతు ఏడాది కష్టం పోతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో టీకా మందుల పెట్టె 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఎక్కువైనా మందు చెడుతుంది, గడ్డకట్టినా కొన్ని టీకాలు పనికిరాకుండా పోతాయి. చూడటానికి సీసా మామూలుగానే ఉంటుంది. అందుకే అక్కడ యంత్రం చూపే అంకెను నమ్మి ఊరుకోరు. వేరే థర్మామీటరు పెట్టి, రోజుకు రెండు పూటలా చూసి, పుస్తకంలో రాస్తారు. ఒక సాక్షిని ఇంకో సాక్షితో పోల్చడమే శాస్త్రపద్ధతి.

మీరు చేసి చూడండి

ఎలక్ట్రానిక్ విడిభాగాల దుకాణంలో "10 కిలో ఓమ్‌ల ఎన్.టి.సి. థర్మిస్టర్" అని అడిగితే ఇస్తారు. మీ సైన్సు మాస్టారి దగ్గర మల్టీమీటర్ తీసుకోండి. దీనికి ఇంటి కరెంటు అవసరం లేదు, ప్రమాదమూ లేదు.

1. పూసను కవరులో పెట్టి దారంతో కట్టి మంచునీళ్ళలో, బిందె నీళ్ళలో, గోరువెచ్చని నీళ్ళలో ముంచండి. ప్రతిసారీ థర్మామీటరుతో ఉష్ణోగ్రత, మల్టీమీటర్‌తో నిరోధం రాసుకోండి. మంచునీళ్ళప్పుడు మీటరును 200 కిలో ఓమ్‌ల మీద పెట్టాలి. గ్రాఫు కాగితం మీద గీయండి. సరళరేఖ వస్తుందా, వంపు వస్తుందా?

2. పూసను కవరులోంచి తీసి, తుడిచి, చంకలో రెండు నిమిషాలు ఉంచండి. 6 కిలో ఓమ్‌లకు దగ్గరగా వస్తుంది. మీ ఒంటి వేడి అది.

3. పూసను కవరులో పెట్టి, పైన తడిగుడ్డ చుట్టి ఫ్యాను కింద ఉంచండి. నిరోధం పెరుగుతుంది. ఎందుకో మట్టికుండను అడగండి!

4. 1 కిలో ఓమ్ నిరోధాలు రెండింటిని పూసతో శ్రేణిలో కలిపి మొదటి ప్రయోగం మళ్ళీ చేయండి. ఇదే చిలుము పట్టిన ప్లగ్గు. తప్పు ఎక్కడ తక్కువ, ఎక్కడ ఎక్కువ?

ఆలోచించండి

1. మనం చెప్పుకున్న గదిలో రిమోట్‌ను 20 దగ్గరే ఉంచేస్తే గది నిజంగా ఎన్ని డిగ్రీల వద్ద కంప్రెసర్ ఆగుతుంది? (పట్టికలో 12.5 నుంచి 2 తీసివేసి చూడండి.) అలా వాడుకుంటూ పోవడం ఎందుకు మంచిది కాదు?

2. తీగల మధ్య తేమ చేరి విద్యుత్తు కొంచెం అడ్డదారిన పోతోందనుకోండి. అంటే పూసకు సమాంతరంగా ఒక నిరోధం చేరింది. అప్పుడు యంత్రం గదిని ఉన్నదానికంటే వేడిగా అనుకుంటుందా, చల్లగా అనుకుంటుందా?

3. జ్వరం వచ్చేటప్పుడు ఒళ్ళు కాలుతున్నా చలివేస్తుంది. మన మెదడులోనూ ఒంటి వేడిని అదుపు చేసే కేంద్రం ఉంది. జ్వరంలో జరిగేది సెన్సర్ అబద్ధం చెప్పడమా, ఎవరో రిమోట్‌లో అంకె పెంచినట్లు జరగడమా? మీ జీవశాస్త్రం మాస్టారితో చర్చించండి.